చివరి అధ్యాయం తీసేసి ఇవ్వండి

శ్రోతలకు నమస్కారం.

జనవరిలో విజయవాడ పుస్తకాల పండక్కి వెళ్తే, కొత్తగా డిటెక్టివ్ నవల రాసిన పిల్లలు ఎవరో ఒకరు వచ్చి పలకరిస్తారు. కుశలప్రశ్నలు అయ్యాక అసలు సంగతి బయటికొస్తుంది. "పబ్లిషర్‌గారు నవల బాగుందన్నారండీ. కానీ ముగింపు మార్చమంటున్నారు. మార్చాలంటారా?" ఆ గొంతులో బాధ నాకు అర్థమవుతుంది. అందరూ నిద్రపోయాక కూర్చుని రాసుకున్న ముగింపు కదా! అందుకని ఈ కాసేపూ ముగింపు గురించే మాట్లాడతాను.

నాకెంతో ఇష్టమైన ఉదంతం ఒకటి చెప్తాను. అగాథా క్రిస్టీ మొదటి నవల కథ ఇది. మొదటి ప్రపంచయుద్ధం రోజులు. ఇంగ్లండులో టార్కీ అనే సముద్రతీరపు ఊళ్లో, ఆసుపత్రి మందుల గదిలో ఆవిడ పనిచేసేవారు. చుట్టూ సీసాలు. ఏ మందు ఎంత మోతాదు దాటితే విషమవుతుందో రోజూ చూస్తూనే ఉన్నారు. అంతకుముందెప్పుడో అక్కయ్య అన్న మాట కూడా మనసులో ఉండిపోయింది, నువ్వు డిటెక్టివ్ కథ రాయలేవని. 1916లో రాయడానికి కూర్చున్నారు. మధ్యలో కలం సాగకపోతే సెలవు పెట్టి, డార్ట్‌మూర్ అనే బయలు ప్రాంతానికి వెళ్లి హోటల్లో దిగారు. పొద్దున రాయడం, మధ్యాహ్నం ఒంటరిగా నడుస్తూ పాత్రల మాటలన్నీ పైకి అనుకోవడం.

నవల పంపితే తిరిగొచ్చింది. ఇంకోచోటికి పంపితే అక్కణ్ణుంచీ తిరిగొచ్చింది. చివరికి బోడ్లీ హెడ్ అనే సంస్థకు పంపారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. దాదాపు రెండేళ్లు! ఈలోపు యుద్ధం ముగిసింది, ఆవిడకు పాప పుట్టింది, నవల ఊసే మర్చిపోయారు. అప్పుడొచ్చింది ఉత్తరం, ఒకసారి వచ్చి కలవమని.

ఆ సంస్థ యజమాని జాన్ లేన్, తెల్లగడ్డం పెద్దాయన. ఆయన చెప్పిన మార్పుల్లో ముఖ్యమైనది చివరి అధ్యాయం. ఆవిడ రాసినదాంట్లో డిటెక్టివ్ పాయిరో కోర్టులో సాక్షి బోనెక్కి, రహస్యమంతా అక్కడే విప్పి చెప్తాడు. కోర్టులో అలా జరగదు, అది మార్చాలన్నారు లేన్. నిజమే కదా. సాక్షి అన్నవాడు అడిగినదానికి జవాబు చెప్పాలి. కథ మొత్తం అల్లుకుంటూ పోతే లాయరు ఊరుకుంటాడా, జడ్జిగారు ఊరుకుంటారా?

క్రిస్టీ ఆ అధ్యాయం తిరగరాశారు. కోర్టు తీసేసి, కథలోని వాళ్లందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టారు. పాయిరో వాళ్ల మధ్య నిలబడి ఒక్కొక్క ముడీ విప్పుకుంటూ వచ్చాడు. ఆధారాలు అవే. దోషి ఎవరన్నదీ మారలేదు. చోటు మారింది, అంతే. 1920లో అమెరికాలో, 1921లో ఇంగ్లండులో ఆ నవల అచ్చయింది. అందర్నీ ఒక గదిలో చేర్చి చెప్పే ఆ పద్ధతి తర్వాత పాయిరో ముద్రే అయిపోయింది. ఒక పబ్లిషర్ వేలు పెట్టి చూపించిన చోట పుట్టిన సంగతి అది!

అందుకే ఆ పిల్లలకు నేను చెప్పేది, ముందు ఎందుకు మార్చమన్నారో అడగండి అని. కారణం సరైనదైతే సంతోషంగా మార్చండి. బెజవాడ కోర్టులో ఒక పూట కూర్చుని చూడండి, సాక్షిని ఎలా అడుగుతారో తెలుస్తుంది. ఇంకొకటి. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆ తర్వాత జరిగిన హత్యకు పెట్టేది సెక్షన్ 103. మీ కథ ఈ ఏడాదిదైతే, మీ ఇన్‌స్పెక్టరు ఇంకా పాత సెక్షన్ 302 అనకూడదు. అచ్చు దాకా వచ్చాక, అగ్రిమెంటులో హక్కులు ఎన్నేళ్లకు ఇస్తున్నారో రాయించుకోండి. రాయకపోతే కాపీరైట్ చట్టం దాన్ని 5 ఏళ్లుగా లెక్కేస్తుంది. సంతోషంలో చదవకుండా సంతకం పెట్టకండి.

మళ్లీ ముగింపు దగ్గరికే వస్తాను. మా తరం కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్‌ని, మధుబాబుగారి షాడోని అద్దె పుస్తకాల షాపుల్లో చదివి పెరిగింది. అట్టలు ఊడి, దారంతో కుట్టిన పుస్తకాలు. ఒక్కోదానికి చివరి పేజీలు ఉండేవి కావు. "బాబాయ్, ఇందులో ఆఖరి పేజీలు లేవు" అంటే, "అందుకేరా సగం అద్దె" అనేవాడు షాపాయన. తీసుకునేవాళ్లం. హంతకుడు ఎవరని అరుగు మీద కూర్చుని వాదించుకునేవాళ్లం. ఒకడు "తోటమాలి" అంటాడు. ఇంకొకడు పేజీలు వెనక్కి తిప్పి, "వీడి చెప్పులకి బురద ఉందని ఇక్కడ రాశాడు చూడు" అని వేలు పెట్టి చూపిస్తాడు. మంచి నవలైతే ఆ బురద నిజంగా అక్కడ ఉండేది. మేం చదివీ దాటిపోయిన వాక్యంలో ఉండేది. ఆ ఆనందం ఇంతా అంతా కాదు.

మీ రాతప్రతితోనూ అదే చెయ్యండి. చివరి అధ్యాయం తీసేసి ఇవ్వండి. మీరు ఏం రాసినా బాగుందనే వాళ్లకు వద్దు. డిటెక్టివ్ నవలలు విడవకుండా చదివేవాళ్లు ఇద్దరు ముగ్గురికి ఇవ్వండి. ఎవరి మీద అనుమానం వచ్చింది, ఏ పేజీలో వచ్చింది, ఈ రెండూ పెన్సిల్‌తో రాసి పెట్టమనండి. అందరూ మొదట్లోనే పట్టేస్తే, మీ ఆధారం మరీ గట్టిగా అరుస్తోందన్నమాట. ఒక్కరికీ అందకపోతే, ఆధారం మీ బుర్రలోనే ఉండిపోయింది, కాగితం మీదికి రాలేదు. అప్పుడు చివరి అధ్యాయం చేతికిచ్చి పక్కనే కూర్చోండి. చదువుతూ చదువుతూ వాళ్లు ఆగి, వెనక పేజీలు తిరగేస్తున్నారా? ఏ పేజీ దగ్గర ఆగారు? అది గుర్తు పెట్టుకోండి. ఒక్కసారీ వెనక్కి తిప్పకుండా ముగించేస్తే, దిద్దాల్సింది ముగింపు ఒక్కటే కాదు, మధ్య అధ్యాయాలు కూడా. అవి దిద్దుకున్నాకే ప్రతి పట్టుకుని, బెజవాడలో పబ్లిషర్లుండే ఏలూరు రోడ్డుకు బయల్దేరండి. నమస్కారం.