కొత్త రంగు కింద వరద గీత: ముస్తాబా, మోసమా?

(విజయవాడ స్టూడియో చర్చ ఇది. పాల్గొన్నవాళ్లు పేర్లు వద్దన్నారు కాబట్టి వృత్తులే రాశాం. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడినచోట వినపడినంతవరకే ఉంది. అలాంటి చోట్లు చాలానే ఉన్నాయి.)

యాంకర్: నమస్కారం. మన విజయవాడ సింగ్‌నగర్ వైపు అమ్మకానికి పెట్టిన ఒక ఇంటి గోడని తాళంచెవితో గీకితే, కొత్త రంగు కింద 2024 వరద నీళ్లు నిలిచిన గీత బయటపడింది. ఆ వీడియో రెండు రోజులుగా అందరి ఫోన్లలో తిరుగుతోంది. అమ్మే ముందు ఇంటికి రంగేయడం ముస్తాబా, మోసమా? నలుగురికీ సమానంగా టైం ఇస్తాం. ముందు బ్రోకర్ గారు.

బ్రోకర్: మోసమేంటండీ! కొనేవాళ్లు కారు దిగేలోపే మనసులో సగం రేటు కట్టేస్తారు. గేటు తుప్పుపట్టి, పిట్టగోడ మీంచి నల్లటి పాకుడు చారలు కారి ఉంటే, లోపల పాలరాయి పరిచినా బేరం కిందకే. తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ కొట్టించు, పైన ఎనామిల్ వేయించు. వేలాడే కేబుల్ వైర్లు పైకి కట్టించు. మెట్ల పక్క గడ్డి పీకించు. గుమ్మానికి పసుపు రాయించు. ఇందులో తప్పేముంది? పెళ్లిచూపులకి అమ్మాయి పౌడరు రాసుకోదా?

ఇల్లు కొన్నావిడ: అమ్మాయి పౌడరే కనపడిందా అండీ? అబ్బాయి విగ్గు పెట్టుకుని రాడా?

బ్రోకర్: విగ్గు వేరమ్మా, విగ్గు...

యాంకర్: విగ్గు తర్వాత చూద్దాం. నాదొక డౌటు. ఈశాన్యంలో గేటు ఉంటే ఈ రంగులన్నీ అవసరమా? వాస్తు కుదిరిన ఇల్లు దానంతట అదే అమ్ముడవుతుందంటారు కదా?

లాయర్: వాస్తు కాదండీ, చట్టం ఏమంటుందో చూడండి. ఆస్తి బదలాయింపు చట్టం 1882 నాటిది. అందులో 55వ సెక్షన్...

బ్రోకర్: 1882లో సింగ్‌నగర్ ఎక్కడుందండీ?

లాయర్: నన్ను పూర్తి చేయనివ్వండి. కొనేవాడు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేని పెద్ద లోపం ఉంటే, అది అమ్మేవాడికి తెలిస్తే, చెప్పి తీరాలి. చెప్పకపోవడం మోసం కిందికే వస్తుందని ఆ సెక్షన్‌లోనే...

బ్రోకర్: కనిపెట్టలేని లోపమా? 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు మీదపడితే రాష్ట్రమంతా టీవీలో చూసింది! పడవల్లో పాల ప్యాకెట్లు పంచారు. ఇంకా దాచడానికి ఏముంది? కొనేవాడికి కళ్లు లేవా?

లాయర్: ఊరు మునిగిందని అందరికీ తెలుసు. ఈ ఇంట్లో ఎంత ఎత్తున, ఎన్ని రోజులు నిలిచిందో ఎవరికి తెలుసు?

యాంకర్: అమ్మా, మీ అనుభవం చెప్పండి.

ఇల్లు కొన్నావిడ: మేం చూసినప్పుడు గోడలు మెరిసిపోతున్నాయి. మా ఆయన గేటు దగ్గరే మురిసిపోయారు. నీళ్లు ఎంత వచ్చాయని అడిగితే, అమ్మినవాళ్లు మా వీధిలో పాదాలు తడిశాయంతే అన్నారు. మొదటి వానలకే బయటి గోడ మీద నా భుజం ఎత్తున, దారం పట్టి గీసినట్టు, గోధుమరంగు గీత తేలింది. అప్పుడు అనుమానమొచ్చి కరెంటు మీటరు పెట్టె తెరిచాను. లోపల ఎండిన బురద. ఇల్లంతా కడిగారు కానీ ఆ పెట్టె సంగతి మరిచిపోయారు.

యాంకర్: మీటరు ఏ మూలనుందమ్మా? ఆగ్నేయమేనా?

ఇల్లు కొన్నావిడ: ఏ మూలనుంటే ఏంటండీ, బురద బురదే కదా!

మేస్త్రీ: అయ్యా, నేనొక్క మాట. ఇటుక గోడ రోజుల తరబడి నీళ్లలో నానితే పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల చెమ్మ పోవడానికి నెలలు పడుతుంది. ఆరకుండా లప్పం పెట్టి రంగేస్తే లోపలి ఉప్పు పొంగి పొక్కులొస్తాయి, పెచ్చులూడతాయి. మేం చెబుతూనే ఉంటాం. నెలాఖరుకి పార్టీ వస్తుంది, కానివ్వు మేస్త్రీ అంటారు. కొనేవాళ్లకి సులువైన పరీక్ష ఒకటుంది. పాలిథిన్ కాగితం ముక్క తీసుకుని...

బ్రోకర్: అసలు తప్పు రంగుదా, బుడమేరుదా? కాలవకి మూడు గండ్లు పడితే పూడ్చడానికి సైన్యం దిగింది. దాని గురించి ఎవరూ మాట్లాడరు! మధ్యతరగతివాడు రెండు డబ్బాల రంగు కొంటే నేరమా? (ఇక్కడ లాయర్ ఏదో అన్నారు, వినపడలేదు.) ముంపు ఇల్లని బోర్డు పెట్టుకుని అమ్మమంటారా? సరే అమ్మా, రేపు మీరే అమ్మాల్సి వచ్చిందనుకోండి. గీత చూపించి అమ్ముతారా, రంగేసి అమ్ముతారా?

(ఆవిడ వెంటనే జవాబివ్వలేదు.)

ఇల్లు కొన్నావిడ: లోను ఇంకా పద్దెనిమిదేళ్లుంది... మేం పోగొట్టుకున్నది ఎవరిస్తారు?

బ్రోకర్: చూశారా! చూశారా!

లాయర్: ఏం చూశాం? ఆవిడ జవాబే చెప్పలేదు.

యాంకర్: చిన్న బ్రేక్.

(బ్రేక్ తర్వాత మొదటి నాలుగు నిమిషాలూ బ్రోకరే మాట్లాడారు. గేటు, పౌడరు, బుడమేరు మళ్లీ మొదటినుంచి. కొత్తగా చెప్పింది ఒక్కటే: యాభై వేలు పెడితే రెండు లక్షలు ఎక్కువ అడగొచ్చట.)

మేస్త్రీ: యాభై వేలకి రెండంతస్తులకి బయట పరంజా, లప్పం, ప్రైమరు, రెండు కోటింగుల రంగు ఎలా వస్తాయండీ? ముందువైపు ఒక్కటే వేయాలి.

బ్రోకర్: ముందువైపే వేయమంటున్నా కదా!

లాయర్: పైన పటారం అని మీరే ఒప్పుకుంటున్నారు.

బ్రోకర్: నేనేం ఒప్పుకోలేదు! ముందు ముస్తాబు మోసం కాదని మీరు ఒప్పుకోండి.

లాయర్: ముస్తాబు మోసమని నేనెప్పుడన్నాను? గేటుకి రంగేసుకోండి, కుండీలు పెట్టుకోండి. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని అడిగినప్పుడు...

యాంకర్: టైం అయిపోయింది. చివరిగా బ్రోకర్ గారు, వీధిపోటు ఉన్న ఇంటికి ఏ రంగు కలిసొస్తుంది?

బ్రోకర్: లేత పసుపండీ. మంచి ప్రశ్న అడిగారు. మొత్తానికి రంగు తప్పు కాదని ఈ చర్చలో తేలిపోయింది.

లాయర్: ఎక్కడ తేలింది?

యాంకర్: అందరికీ సమానంగా అవకాశమిచ్చాం...

మేస్త్రీ: అయ్యా, ఆ పరీక్ష. పాలిథిన్ ముక్క గోడకి నాలుగు పక్కలా టేపుతో అంటించి రాత్రంతా వదిలేయాలి. పొద్దున తీసి చూసినప్పుడు గోడవైపు నీటిబొట్లు గనక ఉంటే...

(టైటిల్ మ్యూజిక్.)