ఆరు గుంటల్లో ఏడాది తిండి

హోస్ట్: అన్నా, మీరు జింబాబ్వేలో కొన్నేళ్లు ఉండి వచ్చారు. అక్కడ నాగలి పెట్టకుండానే మక్క వేస్తారంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

అతిథి: నాగళ్లు లేక కాదు తమ్ముడూ, ఎడ్లు లేక. పిడుదుల వల్ల వచ్చే జబ్బుతో పశువులు చాలా పోయాయి. జనవరి అక్కడ నడి వానాకాలం, అప్పుడు ఉద్ధృతంగా ఉంటుందని దాన్ని జనవరి జబ్బు అంటారు. ఎడ్లు లేనివాళ్లు ఉన్నవాళ్ల దున్నకం అయ్యేదాకా ఆగాలి. తొలివాన నవంబరులో పడుతుంది. వీళ్ల వంతు వచ్చేసరికి డిసెంబరు దాటిపోతుంది.

హోస్ట్: అదను తప్పిపోయినట్టే.

అతిథి: అవును. మార్చికల్లా వానలు తగ్గిపోతాయి. ఆలస్యంగా వేసిన మక్కకు కంకిలో పాలు పట్టే వేళకు నేలలో పదును ఉండదు. రైతుకు అసలు టెన్షన్ అదే. అందుకే వాన రాకముందే, పొడి నేలలోనే పారతో గుంతలు తవ్వి పెట్టుకుంటారు. నేల బాగా తడిసిందా, వెంటనే గింజ పెట్టేస్తారు. ఎవరి ఎడ్ల కోసమూ ఎదురుచూడక్కర్లేదు. ఈ పద్ధతిని షోనా భాషలో ఫుంవుద్జా అంటారు. 2020లో ప్రభుత్వం దేశమంతా మొదలుపెట్టింది.

హోస్ట్: ఎంత నేల కావాలి?

అతిథి: 39 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. మన లెక్కలో ఆరు గుంటల పైన కొద్దిగా. అందులో 52 సాళ్లు, సాలుకు 28 గుంతలు, మొత్తం 1,456. 52 ఎందుకంటే ఏడాదికి 52 వారాలు. ఒక సాలు పంట ఒక వారం తిండి! ఇది విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఎకరాకు ఎన్ని క్వింటాళ్లని కాదు, ఇంట్లో ఎన్ని వారాలు పొయ్యి వెలుగుతుందని కొలిచారు.

హోస్ట్: వాళ్లు రోజూ తినే సద్జా మన మక్క గట్కలాంటిదేనా?

అతిథి: దగ్గరదే. మనది నూకతో, వాళ్లది తెల్ల మక్క పిండితో. కాకపోతే మన మక్క ఇప్పుడు ఎక్కువగా కోళ్ల దాణాకు పోతోంది, వాళ్లకు అదే అన్నం.

హోస్ట్: గుంత ఎలా తవ్వుతారు?

అతిథి: నేను ఒక అవ్వ చేలో చూశాను. తాడుకు 60 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున సోడా మూతలు కట్టి ఉన్నాయి. మనవడు తాడు లాగి పట్టుకుంటే, మూత దగ్గరల్లా అవ్వ పార వేసేది. జానకు కాస్త తక్కువ లోతు. మట్టి పల్లం వైపు పోసేది. గుంతలో గుప్పెడు పశువుల ఎరువు, సీసా మూతతో కొలిచి కొంచెం రసాయన ఎరువు. వాన పడ్డాక మూడేసి గింజలు, మొలిచాక రెండు మొక్కలు ఉంచి మూడోది పీకేయడం. గుంతను అంచుదాకా పూడ్చరు, పడిన నీళ్లు అక్కడే ఇంకాలి కదా.

హోస్ట్: వింటే తేలికగానే ఉంది.

అతిథి: తేలిక అంటే నేను ఒప్పుకోను. సెప్టెంబరులో ఆ నేల రాయిలా ఉంటుంది. ఊళ్లలో దీన్ని ‘ధిగా ఉద్యే’ అంటారు, తవ్వి తిను అని. ఆ తవ్వేది ఎక్కువగా ఆడవాళ్లే. నేల ఆరకుండా పైన కప్పడానికి చొప్ప కావాలి, అది పశువులు మేసేస్తాయి. వానలు మరీ ఎక్కువైన ఏడు గుంతల్లో నీళ్లు నిలిచి మొక్క పసుపెక్కుతుంది. ఒకటే ఊరట, మరుసటి ఏడు అవే గుంతలు మళ్లీ వాడుకోవచ్చు, తవ్వకం తగ్గుతుంది.

హోస్ట్: ఆ అవ్వ ఒక్కతే 52 సాళ్లూ తవ్విందా?

అతిథి: పొద్దున ఒక సాలు, చల్లబడ్డాక ఒక సాలు. రోజుకు రెండే. మధ్యలో నడుం పట్టేస్తే రెండు రోజులు ఆపేది. అందుకే జూలైలోనే పార పట్టేది.