ఎర్రమట్టి గోడ నుంచి కంప్యూటర్ తెర దాకా
(పర్లాకిమిడి ప్రసంగ పాఠం)

పెద్దలకు, పిల్లలకు నమస్కారం. కంప్యూటర్ తెరకు బొమ్మలు గీసేవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

డెబియన్ అనే, కంప్యూటర్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్‌ను స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే కడతారు. విడుదల మారినప్పుడల్లా థీమ్ (తెరమీది బొమ్మలు, రంగుల పొందిక) కూడా మారుతుంది: ఎవరైనా బొమ్మలు పంపవచ్చు, అందరి అభిప్రాయం అడిగి ఒకటి ఎంచుతారు. 2011లో ‘స్పేస్‌ఫన్’ అంతరిక్షాన్ని కార్టూన్‌లా చూపింది. 2023లో వచ్చిన ‘ఎమరాల్డ్’ పచ్చరాయిని పట్టుకుంది. ధైర్యమంటే ఇదే. ఒక్క ఊహను పట్టుకుని బూట్ మెనూ (కంప్యూటర్ ఆన్ చేయగానే వచ్చే జాబితా) నుంచి వాల్‌పేపర్ దాకా వదలకపోవడం. రంగులన్నీ ఒకేచోట కుమ్మరిస్తే వచ్చేది గందరగోళమే.

మన గజపతి, రాయగడ జిల్లాల సవర ఇళ్లలో ఇడితాల్ అనే గోడచిత్రం చూడండి. ఎర్రమట్టి గోడ, దానిమీద బియ్యప్పిండి తెలుపు. రెండే రంగులు, దూరం నుంచే పిలుస్తాయి. తెరమీద (ఒక్కో రంగు 0 నుంచి 255 దాకా) ఎరుపు 139, ఆకుపచ్చ 58, నీలం 30 కలిపి అలాంటి ఎరుపు తెచ్చి తెల్లక్షరం పెడితే కాంట్రాస్ట్ (వెలుగుల తేడా నిష్పత్తి) సుమారు 7.7 వస్తుంది. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలి. అదే తెల్లక్షరాన్ని 244, 180, 0 పసుపు మీద పెట్టారా, 2 కూడా రాదు. అయితే ఇడితాల్ పూజకు సంబంధించిన చిత్రం. దాన్ని ఎత్తుకొచ్చి మెనూ వెనక అతికించకండి. రంగుల పొందిక నేర్చుకోండి. బొమ్మే కావాలంటే గీసేవాళ్లను అడిగి, లైసెన్సు వివరించి, వాళ్ల పేరు వేయండి.

ముదురు గ్రేడియెంట్ (ఒక రంగు మెల్లగా మరోదానిలోకి మారడం) దగ్గర చాలా థీమ్‌లు దెబ్బతింటాయి. అదే కొలతలో ఒక అంచున వెలుగు 20, రెండో అంచున 40 అనుకుందాం. 1920 పిక్సెళ్ల వెడల్పులో మెట్లు ఇరవయ్యే, ఒక్కోటి దాదాపు 96 పిక్సెళ్ల పట్టీ. చీకటి గదిలో అవి చీర కుచ్చిళ్లలా కనబడతాయి. కొద్దిగా నాయిస్ (చిన్న చిన్న చుక్కల గజిబిజి) చల్లితే పట్టీలు కరిగిపోతాయి. ఆ తర్వాత జేపెగ్‌గా గట్టిగా కుదించారో, నాయిస్ పోయి పట్టీలు మళ్లీ తేలతాయి. వివరం పోగొట్టని పీఎన్‌జీగానే దాచండి.

బడుల్లో పాత 4:3 తెరలు ఇంకా ఉంటాయి. 1920×1080 బొమ్మ వాటిని నింపితే రెండు పక్కలా 240 పిక్సెళ్ల చొప్పున తెగిపోతుంది. ముఖ్యమైనదంతా నడిమి 1440లోనే ఉండాలి.

బూట్ మెనూను చూపించే ప్రోగ్రామ్ గ్రబ్. దాని మెనూలో తెలుగు టైపు చేయకండి, ఒత్తులు విడిపోతాయి. తెలుగు పేరు తప్పనిసరైతే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో అక్షరాలను పాత్‌గా (గీతల ఆకారంగా) మార్చి నేపథ్య బొమ్మలోనే కలపండి. గ్రబ్ థీమ్ మార్చాక ‘అప్‌డేట్-గ్రబ్’, ప్లిమత్ (బూట్ అవుతుండగా బొమ్మ చూపే ప్రోగ్రామ్) థీమ్ మార్చాక ‘అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యు’ నడపాలి. రెండోది మరిచిపోతే బూట్ అయ్యేటప్పుడు పాత బొమ్మే వస్తుంది, ఎందుకంటే దాని నకలు బూట్ మొదట్లో మెమరీలోకి ఎక్కే ఫైళ్ల మూటైన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో అలాగే ఉండిపోయింది. థీమ్‌లో తప్పుందనుకుని మొత్తం తిరగ్గీయడం మొదలుపెట్టకండి.

మీ బొమ్మల్లో ఒకటి ఎంచేందుకు ఓటుకు పెట్టేముందు ప్రతి బొమ్మనూ లైట్లు వేసిన గదిలో ప్రొజెక్టర్ మీద చూడండి. ముదురు రంగులు అక్కడ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఎస్‌వీజీ మూలం (ఎంత పెద్దది చేసినా చెదరని గీతల ఫైలు) లేని బొమ్మ ఎంత అందంగా ఉన్నా ఓటుకు రాకూడదు. రేపు తెర కొలత మారితే దాన్ని సరిచేయడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు.