బిట్‌కాయిన్ పంపారు, ఇంకా చేరలేదు... ఎక్కడ ఆగింది?

[స్క్రీన్ మీద: ఫోన్‌లో వాలెట్, ‘పెండింగ్’ అని కనిపిస్తూ]

యూపీఐకి అలవాటు పడ్డ ప్రాణాలు మనవి. రెండు సెకన్లలో టింగ్ మనకపోతే చెమటలు పట్టేస్తాయి. అలాంటిది బిట్‌కాయిన్ పంపి నలభై నిమిషాలైంది, ఇంకా పెండింగే. డబ్బు పోయినట్టేనా?

కంగారు పడకండి. ముందు ట్రాన్సాక్షన్ ఐడీ వచ్చిందో లేదో చూడండి. అంకెలూ అక్షరాలూ కలిపి 64 ఉంటాయి.

ఎక్స్ఛేంజీ నుంచి విత్‌డ్రా కొట్టారు, ఐడీ ఇంకా రాలేదు అంటే మీ కాయిన్ వాళ్ల గడప దాటలేదు. లోపల ఏదో చెకింగ్‌లో ఉండి ఉంటుంది. అక్కడ మన చేతిలో ఏమీ లేదు, సపోర్ట్‌కి టికెట్ పెట్టడమే.

[స్క్రీన్ మీద: మెంపూల్ డాట్ స్పేస్ సైట్, ఐడీ పేస్ట్ చేస్తూ]

ఐడీ ఉంటే ఇలా వెతకండి. ‘అన్‌కన్ఫర్మ్‌డ్’ అని వచ్చిందా? అయితే మీ లావాదేవీ మెంపూల్‌లో, అంటే వెయిటింగ్ హాల్లో కూర్చుంది. లావాదేవీలను ఖాయం చేసే మైనర్లు ఒక్కో బ్లాక్‌లోకి, అంటే ఒక్కో కట్టలోకి, కొన్నిటిని ఎక్కించుకుంటారు. బ్లాక్ పది నిమిషాలకొకటి అంటారు గానీ అది సగటు మాత్రమే. లెక్క ప్రకారం సగటున రోజుకు ఏడుసార్లు రెండు బ్లాకుల మధ్య అరగంట దాటుతుంది. కాబట్టి నలభై నిమిషాలకే గాభరా అనవసరం.

అసలు పేచీ ఫీజు దగ్గర. ఇక్కడ ముందొచ్చినవాళ్లకి ముందు అనే మాటే లేదు, ఎక్కువిచ్చినవాళ్లే ముందు. పైగా ఫీజు పంపే మొత్తాన్ని బట్టి కాదు, లావాదేవీ బరువును, అంటే డేటా సైజును బట్టి. కార్గో బస్సులో చింతపండు వేసినా వెండి సామాను వేసినా కిలోకింత అన్నట్టు. మామూలు లావాదేవీ 141 వర్చువల్ బైట్లు ఉంటుందనుకోండి. బైటుకు 5 సతోషీలైతే (సతోషీ అంటే బిట్‌కాయిన్‌లో అతి చిన్న ముక్క) 705 సతోషీలు. అదే మీ వాలెట్‌లోకి ఇరవైసార్లు చిల్లరగా వచ్చినదాన్ని ఒకేసారి పంపితే, ఆ చిల్లరంతా మోయాలి కాబట్టి బరువు సుమారు పదిరెట్లు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

రద్దీని బట్టి రేటు కూడా మారుతుంది. 2024 ఏప్రిల్ 20న నాలుగో హాల్వింగ్, అంటే మైనర్లకి వచ్చే కొత్త కాయిన్లు సగానికి తగ్గడం, అదే బ్లాక్ నుంచి రూన్స్ అనే టోకెన్ల హడావుడి. ఆ రోజు సగటు ఫీజు వంద డాలర్లు దాటింది! ముందురోజు రేటు చూసి పంపినవాళ్లు హాల్లోనే ఉండిపోయారు.

మరేం చేయాలి? తొందర లేకపోతే ఊరుకోండి, రద్దీ తగ్గితే అదే కదులుతుంది. చాలా నోడ్‌లు, అంటే నెట్‌వర్క్‌ని నడిపే కంప్యూటర్లు, 14 రోజుల తర్వాత దాన్ని వదిలేస్తాయి, కాయిన్ మీ దగ్గరున్నట్టే లెక్క. తొందరుంటే వాలెట్‌లో ‘బంప్ ఫీ’ నొక్కండి. దీన్నే ఆర్‌బీఎఫ్ అంటారు, అదే లావాదేవీని ఎక్కువ ఫీజుతో మళ్లీ పంపడం. మీరు అందుకునేవాళ్లైతే రాబోయే ఆ కాయిన్‌నే పెద్ద ఫీజుతో మీ ఇంకో అడ్రస్‌కి పంపుకోండి. తల్లి టికెట్ కూడా పిల్లే కొన్నట్టు, రెండూ కలిసి ఎక్కుతాయి.

ఇథీరియం తంతు వేరు. అక్కడ మీ లావాదేవీలకు వరుస నంబర్లుంటాయి. ఒకటి ఇరుక్కుంటే వెనకవన్నీ ఆగుతాయి. కొత్తవి పంపుతూ పోకండి, ఇరుక్కున్నదానికే గ్యాస్ ఫీజు, అంటే అక్కడి లావాదేవీ ఫీజు, పెంచండి.

సైట్‌లో కన్ఫర్మ్ అయినా ఎక్స్ఛేంజీలో కనబడకపోతే, వాళ్లు ఇంకొన్ని బ్లాకుల కోసం చూస్తున్నారని అర్థం. అప్పటికీ రాకపోతే ఐడీతో అడగండి.

ఇక టెలిగ్రామ్‌లో ఒకడు వస్తాడు. ‘సపోర్ట్ టీమ్ అండీ, మీ పన్నెండు పదాల సీడ్ ఫ్రేజ్ చెప్పండి, నిమిషంలో క్లియర్ చేస్తాం’ అంటాడు. అది మీ వాలెట్ తాళంచెవి. చెప్పారో, వాలెట్ ఖాళీ. ఆ లావాదేవీ మాత్రం ఎక్కడా ఆగదు, వాడు ఫీజు దండిగానే కడతాడు.