పాత కిటికి, కుట్టు మిషన్ కాళ్లు, ఇత్తడి బిందె: ఏది కొనొచ్చు, ఏది వద్దు?

అందరికి నమస్తే. హన్మకొండ నుంచి మాట్లాడుతున్న. నా వెనక గోడ కనపడుతున్నది కదా, దాని మీద కొత్తది ఒక్కటి కూడ లేదు. ఈ కిటికి, ఆ గూన పెంకు దీపాలు, ఇటు కింద టీపాయి, అన్నీ పాత సామాన్ల దుకాణాల నుంచి, పడగొట్టిన ఇండ్ల కర్ర అమ్మే అడితీల నుంచి తెచ్చినయే. ఎట్ల చేసిన్నో చెప్త గని, ఇయ్యాల అసలు ముచ్చట వేరే. ఏది కొంటె పెట్టిన పైసలు దక్కుతయి, ఏది కొంటె రిపేరుకే కొత్తదాని ఖర్చు అయితది, అది చెప్త.

పాత సామాను దగ్గర నేను ముందుగాల చూసేది అది దేంతోని చేసిన్రని. అందం తర్వాత సంగతి. రంగు ఊడిన టేకును రుద్దితె మళ్ల టేకే బయటికొస్తది. అదే కాజీపేట దిక్కు కాలేజి పిల్లలు రూములు ఖాళీ చేసి పొయ్యేటప్పుడు అగ్గువకు అమ్మే చదువుకునే టేబుళ్లు ఉంటయి చూడుండ్రి, పైన మస్తు మెరుస్తయి, లోపల రంపపు పొట్టు అతికిచ్చిన బోర్డు. ఒక్కసారి నీళ్లు తాగిందంటె అంచులు ఉబ్బుతయి, ఆ ఉబ్బు ఇగ దిగదు. ఒకపారి ఇప్పిన స్క్రూ మళ్ల అదే బొక్కల గట్టిగ పట్టది. అయిదు వందలకు ఇస్తనన్నా నేనైతె తీస్కోను.

సరే, కిటికి. దీని గురించి జర ఎక్కువ మాట్లాడుత, ఎందుకంటె ఎక్కువ మంది అడిగేది దీని గురించే.

పాత భవంతి ఇండ్లు పడగొట్టినప్పుడు దర్వాజలు, కిటికీలు, దూలాలు, మొగురాలు అన్నీ అడితికి వస్తయి. అక్కడ అన్నీ ఆకుపచ్చ, నీలం రంగుల కిందనే ఉంటయి, ఏది టేకో ఏది కాదో పైకి తెల్వది. బరువుంది కాబట్టి టేకే అంటరు కొందరు. నల్లమద్ది టేకు కంటె బరువు, కాబట్టి ఆ లెక్క పనికిరాదు. చిన్న బ్లేడు జేబుల పెట్టుకోని పోండి. దుకాణపాయనకు చెప్పి, వెనక దిక్కు కనపడని మూలకు సన్నగ గీకుండ్రి. ఇగో, కెమెరాకు దగ్గర పెడుతున్న. రంగు పొర కింద ఈ బంగారు గోధుమ రంగు కనపడుతున్నదా? సన్న సన్న నల్ల గీతలు, ఏలు పెడితె కొంచెం నూనె తగిలినట్టుంటది. వాసన కూడ చూడుండ్రి, టేకు వాసన ఒకసారి పట్టుకున్నరంటె ఇగ మర్చిపోరు.

తర్వాత పురుగు. చిన్న చిన్న బొక్కలు చూడంగనే వద్దని వాపస్ రావొద్దు. కింద ఒక నల్ల కాయితం పరిచి, కర్రను సుత్తె కట్టెతోని నాలుగు దెబ్బలు కొట్టుండ్రి. మెత్తటి పిండి రాలిందంటె పురుగు ఇంక లోపల తింటనే ఉన్నదని అనుకోవాలె, అది ఇంట్లకు తేవొద్దు. ఏం రాలకపోతె చాలా వరకు అవి పాత బొక్కలే, లప్పం పెడితె సరిపోతది. టేకుల గూడ చేవ భాగాన్ని పురుగు అంత సులువుగ ముట్టది, అంచుకు చేవ పట్టని తెల్ల చెక్క ఉంటది చూడుండ్రి, తినేది దాన్నే. ఆ అంచు వరకు కోత మిషన్ల కోపిచ్చుకుంటె మిగిలింది గట్టి కర్ర.

ఇప్పుడు చెప్పేది మాత్రం స్కిప్ చెయ్యకుండ్రి. పాత ఆయిల్ పెయింట్లల్ల సీసం ఉండొచ్చు. మన దేశంల ఇంటి రంగులల్ల సీసం పది లక్షల పాళ్లల్ల 90 పాళ్లు మించొద్దని 2016ల రూల్ తెచ్చిన్రు, అది 2017 నవంబర్ 1 నుంచి అమల్లకొచ్చింది. మరి మీరు తెచ్చిన కిటికి మీద రంగు మీ తాత కాలంది. దాన్ని ఎండబెట్టి మిషన్ పెట్టి పర్రుమని రుద్దితె ఆ దుమ్మంత ఇంట్లనే పడుతది, చిన్న పిల్లలకు సీసం మరీ చెడ్డది, మెదడు మీదికే పోతది. మంట పెట్టి రంగు కాల్చుడు ఇంక ఘోరం. నేను చేసేది ఏందంటె, డాబా మీద ఒక పాత ప్లాస్టిక్ కవర్ పరిచి, వాటర్ పేపర్, అంటె నీళ్లతోని రుద్దే గరుకు కాయితం, తీస్కోని తడిపి తడిపి రుద్దుడు. మూతికి మామూలు గుడ్డ సరిపోదు, మంచి మాస్క్ కావాలె. చీపురు పట్టొద్దు, తడి గుడ్డతోని తుడిచి ఆ కవర్‌తోనే చుట్టి పడెయ్యాలె. ఇంట్ల గర్భిణీలు, చిన్న పిల్లలు ఉంటె ఈ పని పెయింటర్‌కే అప్పజెప్పుండ్రి, ఆయనకు గూడ ఈ ముచ్చట చెప్పుండ్రి.

కాయితం నంబర్లు అడుగుతరు. నంబరు తక్కువుంటె గరుకు ఎక్కువ. 80తోని మొదలు, తర్వాత 120, ఆఖరుకు ఆరినంక 220. రంగంత పోయినంక కొత్త రంగెయ్యకుండ్రి, అంత కష్టపడి టేకును బయటికి తీసుడు ఎందుకు మరి? లిన్సీడ్ ఆయిల్, అంటె అవిశె నూనె, గుడ్డతోని పల్చగ పట్టియ్యాలె, పావుగంట ఆగి మీద మిగిలింది తుడిచెయ్యాలె. ఆ తుడిచిన గుడ్డ ఉన్నది చూడుండ్రి, దాన్ని ఉండ చుట్టి మూలకు పడెయ్యొద్దు. ఆ నూనె ఆరుకుంట వేడి పుట్టిస్తది, ఉండల ఆ వేడి బయటికి పోలేక దానంతట అదే అంటుకుంటది. మన వరంగల్ మే ఎండల్ల అయితె అసలే వద్దు. బయట తీగ మీద విప్పి ఆరెయ్యాలె, మంచిగ ఎండినంకనే చెత్తల వెయ్యాలె.

ఈ కిటికి చువ్వలు అట్లనే ఉంచిన. వాటికి కొక్కాలు తగిలిచ్చి మనీప్లాంట్ కుండీలు వేలాడేసిన. గోడకు బిగిచ్చేటప్పుడు ప్లాస్టిక్ గట్టాలు పెట్టకుండ్రి, ఇది టేకు చౌకట్టు, బరువుంటది. ఇటుక గోడకు ఇనుప యాంకర్ బోల్టులు నాలుగు. లోపల బోలుగ ఉండే సిమెంటు ఇటుకల గోడైతె వేలాడెయ్యకుండ, కింద నేల మీద నిలబెట్టి పైన మాత్రం గోడకు పట్టియ్యుండ్రి.

కిటికి 1,800కు ఇచ్చిండు. ఆటో, కాయితాలు, నూనె, బోల్టులు కలిపితె ఇంకో వెయ్యి అయింది. కొత్త టేకుతోని గింత కిటికి చేపిచ్చుకుంటె ఎంతయితదో మీ వడ్లాయనను అడుగుండ్రి. పదికి తొమ్మిది మార్కులు. ఆ ఒక్క మార్కు రుద్దీ రుద్దీ భుజం లాగినందుకు తీసేసిన.

రెండోది ఈ టీపాయి. కాళ్లు పాత కుట్టు మిషన్‌వి, కాలుతోని తొక్కే రకం. పైన చెక్క సాధారణంగ పాడైపోయే ఉంటది, దాని గురించి బాధ పడొద్దు, మనకు కావాల్సింది కింది పోత ఇనుము. కొనే ముందు ఒక నాణెంతోని కాలు మీద, తొక్కుడు పలక మీద, చక్రం మీద అక్కడక్కడ కొట్టి వినుండ్రి. ఖంగుమంటె మంచిది. బొంగురుగ, పగిలిన కుండ తీర్గ మోగితె ఎక్కడనో పగులుంది. పగిలితె వెల్డింగ్ పెట్టిస్త అంటరు, పోత ఇనుముకు మామూలు రాడ్‌తోని వెల్డింగ్ పెడితె పక్కపొంటి మళ్ల పగులుతది. దానికి వేరే రాడ్ కావాలె, వేడి చేసే పద్ధతి వేరు, తెలిసినోళ్లు తక్కువ. కాబట్టి పగులుంటె వదిలెయ్యుండ్రి.

తుప్పుకు వైర్ బ్రష్, మూలలకు కొంచెం కిరసనాయిలు, పొడిగుడ్డతోని తుడిచినంక అదే రోజు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్. రేపు వేద్దాం అనుకుంటె వానాకాలంల రాత్రికి రాత్రే మళ్ల తుప్పు పట్టుకుంటది. దాని మీద నల్ల ఎనామిల్ రెండు కోట్లు.

పైకి అద్దం వేస్తరు చాలా మంది. నేను తాండూరు బండ వేసిన. బండలు కోసే షాపుల దగ్గర మిగిలిన ముక్కలు మూలకు పడేసి ఉంటయి, వాటి ధర వేరే ఉంటది, అడిగితె అంచు గుండ్రంగ తిప్పి పాలిష్ పట్టిచ్చి ఇస్తరు. ఒక్క ముచ్చట, అది సున్నపురాయి జాతి. నిమ్మకాయ నీళ్లు, చింతపులుసు పడితె పాలిష్ పోయి మచ్చ పడుతది. చాయ్ పడితె పర్వాలేదు, వెంటనే తుడుచుకోవాలె.

చక్రాన్ని మాత్రం తిరగనియ్యకుండ ఒక తీగతోని కట్టేసిన. మా తమ్ముని పిల్లలొస్తె ఫస్ట్ చేసే పని ఆ తొక్కుడు పలక తొక్కుడే, ఒకలు తొక్కుతుంటె ఇంకొకలు చక్రంల ఏలు పెడుతరు. మీ ఇంట్ల పిల్లలుంటె ఆ పలకకు, చక్రానికి మధ్యన ఉండే రాడ్ ఊడగొట్టుండ్రి. పదికి ఎనిమిదిన్నర. ఒక్కరితోని జరుపుడు కాదు, అందుకే తగ్గించిన.

ఇత్తడి బిందె. దీని మీద నా అభిప్రాయం కొందరికి నచ్చదు. మొదలు అయస్కాంతం పెట్టుండ్రి, అతుక్కుంటె అది ఇత్తడి పూత వేసిన ఇనుము, అక్కడనే ఆపెయ్యుండ్రి. అతుక్కోకపోతె తూకం ధర అడుగుండ్రి. చేతుల ఫోన్ పట్టుకోని వీడియో తీసుకుంట అడిగితె అది యాంటిక్ అయిపోతది, తూకం ధర దాటి నాలుగింతలు చెప్తరు. ఫోన్ జేబుల పెట్టుకోని పోండి.

బిందెకు బొక్క కొట్టి లైటు పెడుతరు, మట్టి పోసి చెట్టు పెడుతరు. రెండూ వద్దంట నేను. తడి మట్టి, ఎరువుల ఉప్పులు ఇత్తడిని తింటయి, కొన్ని నెలలల్ల లోపల పచ్చగ చిలుము పడుతది. చెట్టే కావాలంటె ప్లాస్టిక్ కుండీల పెట్టి ఆ కుండీని బిందెల దింపుండ్రి. తోమనీకె చింతపండు, ఉప్పు చాలు, ఆ పులుపే నల్ల పొరను కరిగిస్తది. తోమినంక నీళ్ల చుక్క లేకుండ తుడవకపోతె తెల్లారేవరకు మచ్చలు.

ఇటు రండి, ఈ బిందె మెడ కింద చూడుండ్రి. చుక్కలు చుక్కలుగ అక్షరాలు కొట్టి ఉన్నయి. ఎవరిదో పేరు, కింద తారీఖు, పెండ్లికి పెట్టిన సామానే అయ్యుంటది. పేరు మీకు చూపిస్తలేను, అది వాళ్ల ఇంటి సంగతి. బఫింగ్ మిషన్ పెట్టి మెరిపిస్తమంటరు కొందరు, దాంతోని ఈ అక్షరాలు అరిగిపోతయి. చేతితోనే తోముండ్రి. సొట్టలు తీపిచ్చుకోవాలంటె మాట్లు వేసే పెద్దమనుషులు ఇంక అక్కడక్కడ ఉన్నరు. అలంకారానికి పదికి ఆరు. మంచిగుంటె దాంట్ల నీళ్లు పోసుకోని వాడుకునుడే మేలు.

గూన పెంకులు తొందరగ చెప్పేస్త. పెంకుటిండ్లు తీసేస్తున్న ఊర్లల్ల అడిగితె దాదాపు ఉత్తగనే ఇస్తరు. రాత్రంత నీళ్లల్ల నానబెట్టి, తెల్లారి డ్రిల్‌ను సుత్తె మోడ్‌ల పెట్టకుండ మెల్లగ తిప్పితె పగలది. గోడకు బోర్లిచ్చి లోపల చిన్న ఎల్ఈడీ బల్బు. మా ఆయన కూడ మెచ్చుకున్నడంటె అర్థం చేసుకోండి. పదికి తొమ్మిదిన్నర.

రేకు సందుగ కొంటె మూత మూసి కాదు, తెరిచి ఎండకు ఎత్తి చూడుండ్రి. అడుగు నుంచి సూది బొక్కలంత వెలుతురు కనపడితె తుప్పు తినేసినట్టు. కనపడకపోతె కళ్లు మూసుకోని కొనుండ్రి, మీద ఒక మెత్త వేస్తె కూసునే బల్ల అయితది.

ఆ మెత్తకు గలీబు ఏంది అంటరా, పాత కొత్తవాడ జంపఖాన. మన వరంగల్ జంపఖానలకు 2018ల జీఐ, అంటె ఇది ఫలానా ఊరి సరుకు అని చెప్పే గుర్తింపు వచ్చింది, మీకు తెలిసే ఉంటది. పాతది ఎప్పుడు గూడ మధ్యల అరుగుతది, రెండు చివర్లు గట్టిగ ఉంటయి, గలీబులకు ఆ చివర్లు చాలు. కత్తెర పెట్టే ముందే గీత గీసి, గీతకు రెండు దిక్కుల కుట్టు వెయ్యాలె, లేకుంటె కోయంగనే పోగులన్నీ ఊడి చేతికొస్తయి. మిషన్ సూది 18 నంబరు, మామూలు సూది టప్పుమని ఇరుగుతది. ఎర్ర రంగు ఉంటె ముందు తడి తెల్ల గుడ్డతోని రుద్ది చూడుండ్రి, రంగు దిగితె లేత బట్టల పక్కన పెట్టకుండ్రి.

ఆఖరుది గోనె సంచులు. ఇంటర్నెట్ల మస్తు వీడియోలు ఉన్నయి, సంచి కుట్టి కుండీకి తొడుగు, గోడకు బొమ్మ అని. వేరే ఊర్ల నడుస్తదేమో. మనకు అగ్గువకు దొరికేటియి వరంగల్ ఏనుమాముల పంటల మార్కెట్ దిక్కు నుంచి వచ్చేటియి, అంటె మిర్చి బస్తాలు. పత్తి, పసుపు, మిర్చి ఏ సంచిల ఏముండెనో చూడంగ తెల్వది, ముక్కుకు తెలుస్తది. మీకు చూపించనీకె ఒకటి తెచ్చి, సబ్బు నీళ్లల్ల నానబెట్టి ఉతికి ఎండేసి, ఇగో ఈ మూలకు కుండీకి తొడిగిన. చూడనీకె బానే ఉన్నది. ఫ్యాన్ వేస్త, ఆగుండ్రి... మా అత్తమ్మ అప్పుడే లోపల తుమ్ముతున్నది, వినపడుతున్నదా? పదికి రెండు. ఆ రెండు గూడ కుండీవే.