సుత్తితో కొట్టి విను: బోధల క్రీస్తు ఎక్కడున్నడు?

నేను: రికార్డింగ్ మొదలైంది మామ. మధ్యల రైలొస్తే ఏం చేద్దాం?

మామ: రానియ్యి. రైలు కూత లేకుంటే ఇది కాజీపేట అని ఎవలు నమ్ముతరు బిడ్డా.

నేను: (నవ్వు) అందరికీ నమస్కారం. ఈసారి స్టూడియో లేదు, మైకు పట్టుకొని మా మేనమామ ఇంటికే వచ్చిన. మామ రైల్వేల క్యారేజ్ అండ్ వ్యాగన్ దిక్కు పనిచేసి రిటైరయిండు. డ్యూటీ లేని ఆదివారం సైకిల్ మీద ఊర్లకు పోయి వాక్యం చెప్పేటోడు. జీతం లేని బోధకుడన్నమాట.

మామ: జీతం రైల్వే ఇచ్చింది కదా. రెండు జీతాలెందుకు.

నేను: ఇయ్యాల్టి ముచ్చట ఎందుకంటే, పోయిన నెల అమ్మ హన్మకొండల ఒక ప్రార్థన కూటానికి పోయింది. ఐదువందలిచ్చి అభిషేక నూనె సీసా తెచ్చుకున్నది. తిడదామంటే మనసొప్పలే. అమ్మ మోకాళ్ళ నొప్పులు నాకు తెలుసు. కానీ ఆ స్టేజీ మీద రెండు గంటలు చెప్పిందంతా నేను యూట్యూబ్‌ల చూసిన. యేసు పేరు ఎన్నిసార్లొచ్చిందో లెక్క లేదు. అయినా యేసు ఎవరో ఒక్క ముక్క తెల్వలే. నాకు అదే అర్థం కాలేదు. పేరు అన్నిసార్లొచ్చినంక మనిషి కనవడకుండ ఎట్ల పోయిండు?

మామ: మంచిగ పట్టుకున్నవ్. నీకు మా డ్యూటీ ముచ్చట ఒకటి చెప్త. బండి ప్లాట్‌ఫాం మీదికి వచ్చినంక మేం పొడుగు పిడి సుత్తి పట్టుకొని కింద ఒక్కొక్క చక్రాన్ని కొట్టుకుంట పోయేటోళ్ళం. మంచి చక్రం గంట లెక్క మోగుతది. పగులున్నది మోగది, మొద్దుగ చప్పుడు చేస్తది. పెయింటు చూస్తే రెండూ ఒక్కతీరే ఉంటయ్. ఇప్పుడు మిషన్లొచ్చినయ్ గాని అప్పుడు చెవే మిషను. యోహాను మొదటి పత్రిక నాలుగో అధ్యాయంల "ప్రతి ఆత్మను నమ్మక" పరీక్షించుడి అని ఉంటది చూడు, దానికి గ్రీకుల వాడిన మాట లోహాన్ని, నాణాన్ని పరీక్ష చేసేటందుకు వాడే మాట. అది నేను ఆలస్యంగ తెలుసుకున్న. తెలిసిన్నాడు మస్తు నవ్వొచ్చింది, మన సుత్తి బైబిల్ల ముందే ఉన్నదా అని.

నేను: అయితే ఎక్కడ కొట్టాలె? అద్భుతాలు జరిగితే మంది నమ్ముతరు కదా.

మామ: అక్కడ కొట్టొద్దు. అది పెయింటు.

నేను: అట్ల అంటే కోపానికొస్తరు మామ.

మామ: రానియ్యి. స్వస్థత లేదని నేను అంటలేను. నీ అత్తకు జబ్బు చేసినప్పుడు నేను రాత్రంతా మోకాళ్ళ మీదున్న. కానీ ద్వితీయోపదేశకాండం పదమూడో అధ్యాయం తియ్యి. ఒక ప్రవక్త సూచన చెప్తడు, ఆ సూచన నిజంగనే జరుగుతది. జరిగినంక "వేరే దేవతల వెంట పోదాం" అంటడు. మోషే ఏమన్నడు? వాని మాట వినొద్దన్నడు. జరగలేదు కాబట్టి అబద్ధం అనలేదు చూడు. జరిగినా వినొద్దన్నడు. మత్తయి సువార్త ఏడో అధ్యాయంల యేసే చెప్పిండు, నీ పేరు మీద దయ్యాలు వెళ్ళగొట్టినం, అద్భుతాలు చేసినం అని వచ్చేటోళ్ళకు "నేను మిమ్మును ఎన్నడును ఎరుగను" అంటనని. వాళ్ళు చెయ్యలేదని అనలే. ఎరుగను అన్నడు.

నేను: ఈ వాక్యం స్టేజీ మీద ఎప్పుడూ వినలే.

మామ: ఎందుకు చెప్తరు.

(రైలు కూత)

మామ: గూడ్స్. పోనియ్యి.

నేను: సరే, ఎక్కడ కొట్టాలె మరి?

మామ: కైసరయ ఫిలిప్పి దగ్గర. మత్తయి పదహారు. ఆ ఊరు చూడు, రాజు పేరు మీద కట్టిన పట్నం, పాన్ అనే గ్రీకు దేవుని గుహ ఉన్న తావు. యూదుల గుడి నీడ కూడ పడదు అక్కడ. అక్కడ నిలబడి శిష్యులను అడిగిండు, మంది నన్ను ఎవరనుకుంటున్నరు అని. ఒకలు బాప్తిస్మమిచ్చే యోహాను అన్నరట, ఒకలు ఏలీయా, ఒకలు యిర్మీయా. అన్నీ మంచి పేర్లే, ఒక్కటీ తిట్టు కాదు. అయినా ఆయన ఆగలే. "మీరైతే నేను ఎవడనని చెప్పుకొనుచున్నారు" అన్నడు. పేతురు చెప్పిండు, "నీవు సజీవుడగు దేవుని కుమారుడవైన క్రీస్తువు" అని. సండే స్కూల్ల ఇక్కడికే ఆపి బొమ్మకు రంగులేపిస్తరు.

నేను: నాకు కూడ అక్కడిదాంకనే గుర్తు.

మామ: అయిదారు వచనాలు ముందుకు పో. యేసు చెప్తడు, నేను యెరూషలేముకు పోయి హింసలు పడాలె, చంపబడాలె, మూడో దినం లేవాలె అని. అదే పేతురు పక్కకు తీస్కపోయి గద్దించిండు, నీకట్ల కాదు ప్రభువా అని. అప్పుడు ఏమన్నడు? "సాతానా, నా వెనుకకు పొమ్ము." ఒకటే నోరు బిడ్డా. ఇంతకు ముందే ధన్యుడివి అనిపించుకున్న నోరు. పేరు సరిగ్గ చెప్పిండు, క్రీస్తు అన్నడు, దేవుని కుమారుడు అన్నడు, అన్నీ కరెక్టే. కానీ వాని మనసుల ఉన్న క్రీస్తుకు సిలువ లేదు. నువ్వు విన్న రెండు గంటల ప్రసంగంల యేసు కనవడలేదంటే అదే సంగతి. సిలువ తీసేసిన యేసు దగ్గర ఇగ మిగిలేది మన కోరికలే. ఇల్లు, వీసా, ఉద్యోగం. ఆయన పేరు వాటికి రబ్బరు స్టాంపు అయితది.

నేను: అంటే ప్రసంగం అయినంక నేను నన్ను ఏమని అడుక్కోవాలె?

మామ: యేసు చచ్చిపోకుండనే, లేవకుండనే ఈ ప్రసంగం చెప్పొచ్చునా అని అడుగు. చెప్పొచ్చు అనిపిస్తే పగులున్నట్టే. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదిహేనుల పౌలు తను అప్పగించింది ఏందో చెప్పిండు. లేఖనాల ప్రకారం క్రీస్తు మన పాపాల కోసం చచ్చిండు, సమాధి చేయబడ్డడు, మూడో దినం లేపబడ్డడు. అంతే. నేను కూడ తప్పులు చేసిన సుమా. ఒకసారి జనగామ దిక్కు ఊర్ల ముప్పావుగంట నా సాక్ష్యమే చెప్పిన, నాకు ట్రాన్స్‌ఫర్ ఎట్ల ఆగింది, క్వార్టర్ ఎట్ల దొరికింది. అయినంక ఒక ముసలవ్వ వచ్చి, "అయ్యా, నీ కథ మంచిగున్నది, ఆయన కథ ఎప్పుడు చెప్తవు?" అన్నది. దారి పొడుగునా సైకిల్ తొక్కలేకపోయిన.

నేను: (నవ్వు) ఆ అవ్వ దగ్గర కూడ సుత్తి ఉన్నదన్నమాట. మామ, ఇంకోటి. ఇంటింటికీ పత్రికలు పట్టుకొచ్చేటోళ్ళు ఉన్నరు కదా, యేసు దేవుడు కాడు, దేవుడు చేసిన మొదటి వాడు అంటరు. మా ఫ్రెండ్ వాళ్ళేమో తండ్రి, కుమారుడు వేరే వేరే కాదు, ఒక్కరే వేషం మార్చినట్టు అంటరు. మళ్ళ ఇద్దరూ త్రిత్వం, అంటే తండ్రి, కుమారుడు, ఆత్మ కలిసి ఒక్క దేవుడే అనే మాట, బైబిల్ల ఎక్కడున్నదో చూపించు అంటరు.

మామ: మాట లేదు, నిజమే. లాటిన్ల ఆ మాట వాడింది టెర్టుల్లియన్ అనే పాత క్రైస్తవ రచయిత, అపొస్తలులు పోయినంక వందేండ్లకు. కానీ మీ ఫ్రెండ్‌ను అడుగు, సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటల యేసు చెమట కార్చుకుంట మాట్లాడింది ఎవరితోని? తనతోని తనే మాట్లాడుకున్నడా? బాప్తిస్మం నాడు యొర్దాను నది నీళ్ళల్ల కుమారుడున్నడు, మీదికెళ్ళి తండ్రి స్వరం, పావురం లెక్క ఆత్మ. అక్కడ వేషం మార్చే తీరిక ఎవరికున్నది?

నేను: మొదటి వాళ్ళకు?

మామ: వాళ్ళది పాత కేసు. ఈజిప్టుల అలెగ్జాండ్రియాల అరియస్ అనే పెద్ద ఉండె. కుమారుడు లేని కాలం ఒకటుండె అన్నడు. మనిషి మంచి మాటకారి. ఇంకో సంగతి చూడు, ఆయన తన బోధను పాటలుగ కట్టిండు. ఓడలోళ్ళు, తిరగలి తిప్పేటోళ్ళు పాడుకునేటట్టు రాసిండని పాత చరిత్రకారులు చెప్తరు. పాటల పోయింది తొందరగ దిగుతది. మన దగ్గర కూడ అంతే, డప్పు మీద పాట మంచిగుంటే చరణంల ఏమున్నదో ఎవలు చూస్తరు? నేనైతే పిల్లలకు చెప్త, ముందు పాటను రాగం తియ్యకుండ చదువుండ్రి, తర్వాత పాడుండ్రి అని.

నేను: అప్పుడు నైసియాల బిషప్పుల పెద్ద సభ కూడింది.

మామ: 325ల. 2025కు 1700 ఏండ్లు నిండినయ్. కుమారుడు తండ్రితో ఒకే తత్త్వం గలవాడు అని రాసుకున్నరు. సభ అయితే అయిపోయింది గాని గొడవ ఆగలే. అతనాసియస్ అనే బిషప్పును అయిదుసార్లు ఊరు వెళ్ళగొట్టిన్రు ఆ ఒక్క మాట కోసం. ఆయన వాదన మనకు అర్థమయ్యేదే. యేసు కూడ చేయబడ్డ వాడే అయితే మనం మొక్కుతున్నది చేయబడ్డ దానికి. అది విగ్రహారాధనే. ఇంకోటి, అప్పులున్నోడు అప్పులున్నోన్ని విడిపించలేడు. అంటే, ఈ అప్పు ముచ్చట నాది, ఆయనది కాదు.

నేను: (నవ్వు) నోట్ చేసుకున్న.

మామ: దీనికి ఇంకో దిక్కు కూడ ఉన్నది. యోహాను పత్రిక పరీక్ష ఏందంటే, యేసుక్రీస్తు శరీరధారియై వచ్చిండని ఒప్పుకోవాలె. అప్పట్ల కొందరు ఆయన దేవుడే గాని ఒంటికి నొప్పి తాకలేదు, ఉత్త కనిపించిండు అనేటోళ్ళు. మన దిక్కు దేవుడు మనిషిగ దిగిండంటే ఎవలకూ వింత గాదు. వింత ఏందంటే ఆయన బావి గట్టు మీద అలిసి కూసున్నడు, పడవల తలగడ పెట్టుకొని నిద్రపోయిండు, లాజరు సమాధి కాడ ఏడ్చిండు. అందుకే గుడిల అందరం కలిసి చెప్పే విశ్వాస ప్రమాణంల, యేసును సిలువకు అప్పగించిన రోమా గవర్నరు పొంతి పిలాతు పేరు పెట్టిన్రు. ఎంత మంచోడని పెట్టలే, తేదీ కోసం పెట్టిన్రు. ఈ సంగతి ఫలానా గవర్నరు కాలంల జరిగిందని. 1961ల కైసరయ రేవుల ఆయన పేరు చెక్కిన రాయి కూడ దొరికింది.

నేను: ఇది వేరే కైసరయ కదా?

మామ: వేరేదే, సముద్రం ఒడ్డున్నది. మంచిగనే అడిగినవ్, ఈ రెండూ కలిపి చెప్పే బోధకులు ఉన్నరు.

నేను: ఇప్పుడు పైసల సంగతికి వద్దాం. నూనె సీసా.

మామ: దీని మీద నాకు ఇష్టమైన పుస్తకం ఒకటున్నది, డిడాకే అంటరు. పన్నెండు మంది అపొస్తలుల బోధ అని దాని పేరు. అది బైబిల్ల భాగం కాదు గాని మస్తు పాతది. వందల ఏండ్లు కనవడకుండ పోయి, 1873ల కాన్‌స్టాంటినోపుల్‌ల ఒక పాత రాతప్రతిల బ్రియేనియోస్ అనే మతాధికారికి దొరికింది. 1883ల అచ్చయింది. దాంట్ల ఊర్లు తిరిగే బోధకులతోని ఎట్లుండాలె అని రాసుంటది. వస్తే ప్రభువును చేర్చుకున్నట్టు చేర్చుకోండ్రి. ఒక దినం ఉండొచ్చు, అవసరమైతే రెండోది. మూడు దినాలున్నడంటే అబద్ధ ప్రవక్త! పొయ్యేటప్పుడు రొట్టె ఇయ్యాలె, డబ్బడిగితే అబద్ధ ప్రవక్త. ఆత్మవశంల ఉండి భోజనం పెట్టమని ఆజ్ఞ ఇచ్చి తనే దాన్ని తిన్నడంటే వాడూ అంతే.

నేను: (గట్టిగ నవ్వు) అంటే అప్పుడే ఉన్నరు వీళ్ళు!

మామ: బిర్యానీ ప్రవచనం కొత్తదేం గాదు. కానీ తర్వాత మాట విను, అది ముఖ్యం. లేనోళ్ళ కోసం ఇయ్యమని అడిగితే మాత్రం ఎవలూ వానికి తీర్పు తీర్చొద్దు అని కూడ రాసిండు. బోధకునికి తిండి పెట్టొద్దని కాదు. సువార్త చెప్పేటోడు దాని మీద బతకాలెనని పౌలే రాసిండు. మా ఊర్లల్ల పాస్టరయ్యగారు బియ్యం సంచి దొరికిన నెల పండుగ చేసుకుంటడు. వాళ్ళను, ఆ సీసాలు అమ్మేటోళ్ళను ఒకటే తాడుకు కడితే పాపం తగులుతది. "ఉచితముగా పొందితిరి ఉచితముగా ఇయ్యుడి" అన్న తర్వాత ధర చీటీ ఎక్కడ అంటిస్తరు, అదీ నా బాధ.

నేను: ఇంకోటి. యూట్యూబ్‌ల పొద్దున లేస్తే ఫలానా వాడు అబద్ధ బోధకుడు అనే వీడియోలే.

మామ: అదో యాపారం. పక్కోన్ని దొంగ అంటే వ్యూసొస్తయ్. వాళ్ళ మీద కూడ సుత్తి కొట్టు, గంటసేపు తిట్టినంక క్రీస్తు ఎవరో తెలిసిందా అని. అపొస్తలుల కార్యములల బెరయ అనే ఊరి వాళ్ళు అట్ల చెయ్యలే. పౌలు చెప్పింది ఆసక్తిగ విన్నరు, మళ్ళ ఇంటికి పోయి రోజూ లేఖనాలు చూసుకున్నరు. వినుడు ముందు, చూసుడు తర్వాత. పౌలుకు కోపం రాలే. పరీక్షిస్తే కోపానికొచ్చే బోధకునికి అక్కడే దండం పెట్టి రావాలె.

నేను: మంచి బోధ ఎక్కడన్నా చూసినవా మన దిక్కు?

మామ: మన లైన్ల డోర్నకల్ జంక్షన్ ఉన్నది కదా, అక్కడ అజరయ్య బిషప్పు ఉండె. 1912ల ఆంగ్లికన్ సంఘంల మొదటి భారతీయ బిషప్పు అయిండు. అక్కడి పెద్ద గుడి కట్టించింది ఆయనే, చూస్తే మన దేవాలయం, మసీదు, రెండూ గుర్తుకొస్తయ్. బాప్తిస్మం తీసుకునేటోళ్ళు తమ చెయ్యి తమ నెత్తి మీద పెట్టుకొని, నేను సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని చెప్పాలె. వాళ్ళు ఎవలనుకున్నవ్? కూలోళ్ళు, మస్తుమంది చదువు రానోళ్ళు. స్టేజీ లేదు, మైకు లేదు. నాట్లేసుకుంట చెప్పుకునేటోళ్ళు. అసుంటి ముసలవ్వనే నన్ను పట్టుకున్నది.

నేను: ఆమె డోర్నకల్ దిక్కు మనిషా?

మామ: అడగలే బిడ్డా. సిగ్గుతోని సైకిలెక్కిన కదా.

నేను: ఆఖరుది. అమ్మకు ఏం చెప్పాలె?

మామ: తిట్టకు. ఆదివారం నేనొస్త, ఇద్దరం కలిసి మార్కు సువార్త చదువుతం. పదహారు అధ్యాయాలే, అమ్మ తొందరగనే పట్టుకుంటది. మోకాళ్ళకు ఎంజీఎం దవాఖానకు తీస్కపో. ఆ నూనె ఏం నూనె?

నేను: వాసన చూసిన. కొబ్బరి నూనె.

మామ: తలకు పెట్టుకోమను.