ఇంటి బడికి టైమ్‌టేబుల్ ఎందుకు నిలవదు?

తెర మీద: ఫ్రిజ్‌కి అంటించిన కాగితం. 9:00 తెలుగు, 9:40 లెక్కలు, 10:20 ఇంగ్లిష్.

వాయిస్: పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించే అమ్మ వేసుకున్న టైమ్‌టేబుల్ ఇది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ తొమ్మిదింటికి నాలుగేళ్ల చిన్నది ఇంకా ఇడ్లీ నములుతూనే ఉంటుంది. కింద నీళ్ల ట్యాంకర్ హారన్ కొడుతుంటుంది. ఏడేళ్ల పెద్దాడు బాల్కనీలో చీమల బారు వెనకే కూర్చుని లేవనంటాడు. పదయ్యేసరికి అమ్మకి టెన్షన్, పిల్లలకి ఏడుపు.

బడికి గంట కావాలి. అక్కడ ఒక టీచరు నాలుగు తరగతులు చూసుకోవాలి మరి. ఇంట్లో ఇద్దరు పిల్లలకి పీరియడ్లు దేనికండీ?

తెర మీద: టిఫిన్ ప్లేటు, బంతి, అన్నం కంచం, చాప. ఒకదాని తర్వాత ఒకటి.

వాయిస్: రోజూ ఎలాగూ జరిగే పనుల్ని పట్టుకోండి. టిఫిన్ అయ్యాక చదువు. అన్నం తిన్నాక కథ, కునుకు. పాలు తాగాక ఆట. టిఫిన్ ఎనిమిదికైనా, పదికైనా దాని తర్వాత వచ్చేది చదువే. టైమ్ జరిగితే జరగనివ్వండి, వరస మాత్రం మార్చకండి. చిన్నదానికి గడియారం చూడటం రాకపోయినా ‘తర్వాత ఏంటి’ అన్నది కొన్నాళ్లకి వంటబడుతుంది.

కూర్చోబెట్టి చెప్పే పాఠం, ఏడేళ్లవాడికి ఒక్కోటీ పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. నాలుగేళ్లదానికి అసలు అక్కర్లేదు. ఆ వయసుకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది వేరే: రోజుకి కనీసం మూడు గంటలు ఒళ్లు కదిలే ఆట, 10 నుంచి 13 గంటల నిద్ర, ఫోనూ టీవీ కలిపి గంటకి మించకూడదు. ముందు వీటికి చోటు చూడండి, అక్షరాలు ఆ తర్వాత.

తెర మీద: గిన్నె, గ్లాసు, మినప్పప్పు, బియ్యం.

వాయిస్: పాఠాలు వంటింట్లో కూడా దొరుకుతాయి. దోసెలకి నానబెట్టే పని పెద్దాడికి అప్పగించండి. గ్లాసు పప్పుకి మూడు గ్లాసుల బియ్యం. ‘రేపు పెద్దమ్మావాళ్లు వస్తున్నారు, రెండు గ్లాసుల పప్పు పోద్దాం. మరి బియ్యం?’ వాడు వేళ్లు మడుస్తాడు, ఆరు అంటాడు. నాలుగు గ్లాసులైతే? మూడో ఎక్కం అలా బియ్యం డబ్బా దగ్గరే మొదలవుతుంది. చిన్నది ఈలోగా కింద పడ్డ గింజలు ఏరుతుంది, సగం మళ్లీ పారబోస్తుంది. ఏం పర్లేదు.

మే నెలలో మాత్రం ఆటని ముందుకి జరపండి: పొద్దున్నే ఎండెక్కకముందు ఆట, టిఫిన్ తర్వాత నీడపట్టున చదువు. జ్వరమొచ్చిన రోజు ఒక్క కథ చదివి వినిపిస్తే ఆ రోజుకి బడి అయినట్టే.

తాతయ్యగారు ‘టెన్త్ సంగతేంటమ్మా?’ అని అడుగుతారు, అడగాలి కూడా. బడికి వెళ్లనివాళ్లకి కూడా పరీక్షలు పెట్టే కేంద్ర ప్రభుత్వ బోర్డు, జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) ద్వారా 14 ఏళ్లు నిండినవాళ్లు టెన్త్ రాయొచ్చు. మనవాడికి ఇంకా ఏడేళ్లుంది తాతయ్యా అని చెప్పండి.

తెర మీద: చాప మీద మెలకువగానే దొర్లుతున్న పిల్ల.

వాయిస్: చిన్నది పగటి నిద్ర మానేశాక మళ్లీ అంతా తారుమారవుతుంది. పడుకోకపోయినా ఆ గంట వదలకండి. బొమ్మల పుస్తకాలు, రంగులు ఇచ్చి చాప మీదే ఉండమనండి. మొదట్లో పది నిమిషాలకే లేచొస్తుంది, మెల్లిగా పెంచండి. ఇంటి నుంచి ఆఫీసు పని చేసే అమ్మానాన్నలు మీటింగులు ఆ గంటలోకే జరుపుకోండి.